బొంగులో చికెన్‌కి స్టార్ ఎందుకు రాలేదు? అసలు ఆ స్టార్లు ఎవరు వేస్తారు?

 

మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు: "మారేడుమిల్లి, అరకు రోడ్ల మీద బొంగులో చికెన్ కోసం వైజాగ్ నుంచి, హైదరాబాద్ నుంచి కార్లేసుకుని వస్తున్నారు కదా, మరి దానికి మిషెలిన్ స్టార్ ఎందుకు ఇవ్వలేదు?" కొంతమంది నవ్వే బొమ్మలు పెట్టారు. కొంతమంది "మనకెవడిస్తాడు తమ్ముడూ" అన్నారు. ఇంకొందరు "మన తిండికి వాళ్ళ సర్టిఫికెట్ దేనికి?" అని కోప్పడ్డారు. ప్రశ్న నవ్వి వదిలేసేది కాదని మాకు అనిపించింది. మాలో ఇద్దరు హోటల్ మేనేజ్‌మెంట్ చదివి పెద్ద హోటళ్ళ కిచెన్లలో పని చేస్తున్నవాళ్ళే. మన ఆశ్రమ పాఠశాలల నుంచి వచ్చిన పిల్లలు ఏటా ఆ కోర్సుల్లో చేరుతున్నారు. ఇంకోపక్క పెద్ద పెద్ద చెఫ్‌లు ఇప్పుడు అడవి తిండి వెతుక్కుంటూ మన కొండలెక్కుతున్నారు. రేపు ఈ తిండికి పేరొస్తుంది, డబ్బూ వస్తుంది. ఎవరికొస్తాయన్నదే మన ప్రశ్న. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. ఫైవ్ స్టార్ హోటల్ వేరు, మిషెలిన్ స్టార్ వేరు. మన దేశంలో హోటళ్ళకు స్టార్లు కేంద్ర టూరిజం శాఖ కమిటీ ఇస్తుంది. గదులెన్ని, లిఫ్టు ఉందా, సదుపాయాలేంటి, ఇవీ వాళ్ళు చూసేవి. మిషెలిన్ చూసేది కంచంలో ఏముందన్నది. అందులో మూడు స్టార్లే ఎక్కువ, నాలుగోది లేదు. ఇంకో సంగతి, "మిషెలిన్ స్టార్ చెఫ్" అని పేపర్లు రాస్తుంటాయి గానీ స్టార్ ఇచ్చేది రెస్టారెంట్‌కి. చెఫ్ ఉద్యోగం మానేసి పోతే స్టార్ సంచిలో వేసుకుని పోలేడు.

ఇంతకీ మిషెలిన్ అంటే ఎవరు? టైర్ల కంపెనీ. అవును, లారీ టైర్ల మీద చూస్తామే, ఆ కంపెనీయే. 1900లో ఫ్రాన్స్ దేశం మొత్తం మీద కార్లు 3 వేలు కూడా లేవు. ఆంద్రే, ఎద్వార్ అనే మిషెలిన్ అన్నదమ్ములు ఆలోచించారు. జనం కార్లలో తిరిగితేనే టైర్లు అరుగుతాయి, అరిగితేనే కొత్తవి కొంటారు. తిరగాలంటే దారి తెలియాలి, పెట్రోలు దొరికే చోటు తెలియాలి, పడుకోవడానికి, తినడానికి చోటు తెలియాలి. అవన్నీ రాసి ఒక చిన్న ఎర్ర పుస్తకం సుమారు 35 వేల కాపీలు వేసి ఊరికే పంచిపెట్టారు. 1920లో దానికి 7 ఫ్రాంకుల ధర పెట్టారు. 1926లో మంచి భోజనం దొరికే చోట్లకు ఒక స్టార్ వెయ్యడం మొదలుపెట్టారు. 1931లో రెండు, మూడు స్టార్లు వచ్చాయి. 1936లో ఏ స్టార్‌కు ఏం అర్థమో అచ్చువేశారు.

ఆ అర్థాలు ఇప్పటికీ ప్రయాణం మాటల్లోనే ఉంటాయి. ఒక స్టార్ అంటే దారిలో ఆగి తినదగ్గది. రెండు స్టార్లంటే దారి మళ్ళి వెళ్ళి మరీ తినదగ్గది. మూడంటే దానికోసమే ప్రయాణం కట్టదగ్గది. ఈ లెక్కన చూస్తే భద్రాచలం వెళ్ళాల్సినవాళ్ళు బొంగు కోసం మారేడుమిల్లి మలుపులన్నీ తిరిగి వస్తున్నారు కాబట్టి మనకు రెండు స్టార్లు ఎప్పుడో పడాలి! సరదాకి అంటున్నాం గానీ, ఇందులో తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఆ కొలబద్ద కారున్నవాడి కోసం పుట్టింది. తినడానికి దూరం వెళ్ళగలిగినవాడు చేతిలో పట్టుకుని చూసుకునే పుస్తకం అది. తిండి ఉన్న ఊరివాళ్ళ కోసం రాసింది కాదు.

వాళ్ళ పని పద్ధతి మాత్రం మెచ్చుకోవాలి. ఇన్‌స్పెక్టర్ ఎవరో ఎవరికీ తెలియదు. మామూలు కస్టమర్ లాగా వచ్చి, తిని, బిల్లు కట్టి వెళ్ళిపోతాడు. ఒక్కడు తిని ఒక్కడే మార్కు వెయ్యడు. వేర్వేరు మనుషులు వేర్వేరు రోజుల్లో తిని, అందరూ కూర్చుని మాట్లాడుకుని నిర్ణయిస్తారు. మన దగ్గర ఫుడ్ వీడియోలు తీసేవాళ్ళలో ఫోన్ చేసి, వస్తున్నామని చెప్పి, ఊరికే తిని, పైన డబ్బులు తీసుకుని "అదిరిపోయింది బ్రో" అనేవాళ్ళు ఎందరో మీకు తెలుసు. దానికన్నా ఇది ఎన్నో రెట్లు నిజాయితీ ఉన్న పద్ధతి.

అయితే ఇన్‌స్పెక్టర్ ఏ దేశానికి వెళ్ళాలన్నది ఎవరు తేలుస్తారు? అక్కడ డబ్బు వస్తుంది. 2017లో థాయ్‌లాండ్ టూరిజం సంస్థ బ్యాంకాక్ గైడ్ కోసం 5 ఏళ్ళకు 14 కోట్ల 40 లక్షల బాత్‌లు ఇవ్వడానికి ఒప్పుకుంది. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రమంతటికీ గైడ్ వెయ్యడానికి అక్కడి టూరిజం సంస్థ 6 లక్షల డాలర్లు ఇచ్చింది. డబ్బులిచ్చినంత మాత్రాన ఫలానా హోటల్‌కి స్టార్ రాదని మిషెలిన్ చెబుతుంది. సరే, నమ్ముదాం. కానీ డబ్బు రాని చోటికి గైడ్ రావడం కష్టమని మాత్రం ఎవరికైనా అర్థమవుతుంది. మన దేశంలో ఇంతవరకు మిషెలిన్ రెస్టారెంట్ గైడ్ లేదు. అంటే తమ్ముడి ప్రశ్నకు మొదటి జవాబు చాలా చిన్నది: వాళ్ళు అసలు రానే లేదు. ముంబైకీ రాలేదు, ఢిల్లీకీ రాలేదు. మన తిండి తిని తక్కువ మార్కులు వేసి పోలేదు. కాబట్టి చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదు. స్టార్ ఉన్న భారతీయ చెఫ్‌లందరూ బయటి దేశాల్లో వంట చేస్తున్నవాళ్ళే. 2001లో లండన్‌లో అతుల్ కొచ్చర్, వినీత్ భాటియా మొదట తెచ్చుకున్నారు. 2025లో దుబాయ్‌లో హిమాంశు సైనీ నడిపే ట్రెసిండ్ స్టూడియోకి మూడు స్టార్లు వచ్చాయి. భారతీయ వంట పెట్టే రెస్టారెంట్‌కి మూడు రావడం అదే మొదటిసారి.

"మరి రేపు వస్తే?" అని అడగొచ్చు. అప్పుడు వాళ్ళ ఐదు కొలతలు తెలిసి ఉండాలి. సరుకు నాణ్యత, రుచుల పొందిక, వండే పనితనం, చెఫ్ వ్యక్తిత్వం వంటలో కనపడటం, ఎప్పుడొచ్చినా అదే స్థాయి ఉండటం. బల్ల మీద గుడ్డ తెల్లగా ఉందా, వడ్డించేవాడు కోటు వేసుకున్నాడా అన్నవి స్టార్‌కి చూడమని అంటారు. 2016లో సింగపూర్‌లో చాన్ హాన్ మెంగ్ అనే ఆయన సోయా చికెన్ అన్నం అమ్మే చిన్న కొట్టుకు స్టార్ ఇచ్చారు. ప్లేటు 2 సింగపూర్ డాలర్లు! ఆ పేరుతో ఆయన బ్రాంచీలు పెరిగాయి. 2021లో స్టార్ పోయింది. బ్యాంకాక్‌లో బొగ్గు పొయ్యి మీద, కళ్ళకు పెద్ద అద్దాలు పెట్టుకుని పీతల ఆమ్లెట్ వేసే జే ఫాయ్ అనే పెద్దావిడకు కూడా స్టార్ ఉంది. కాబట్టి "రోడ్డు పక్క తిండికి ఇవ్వరు" అన్న మాట పూర్తిగా నిజం కాదు.

మన బొంగును ఈ ఐదింటిలో పెట్టి చూద్దాం, మొహమాటం లేకుండా. పనితనం ఉంది. పచ్చి వెదురులో ఉన్న తడితోనే మాంసం ఉడకాలి, బొంగు పైన మాడాలి గానీ లోపల మాడకూడదు, నిప్పు మీద ఎప్పుడు తిప్పాలో చెయ్యే చెప్పాలి. నూనె చుక్క అక్కర్లేదు. సరుకు? ఇక్కడ మనమే నిజం చెప్పుకోవాలి. సీజన్‌లో రోడ్డు మీద అమ్మేది చాలాచోట్ల బ్రాయిలర్ కోడి, ప్యాకెట్ మసాలా. నాటుకోడి, ఇంట్లో దంచిన కారం వేసి చేసేవాళ్ళు తగ్గిపోతున్నారు. డిసెంబరులో పొగమంచు చూడ్డానికి జనం ఎగబడినప్పుడు ఒక స్థాయి, మామూలు రోజుల్లో ఇంకో స్థాయి. ఇన్‌స్పెక్టర్ వచ్చినా రాకపోయినా ఇది మనం సరిచేసుకోవాల్సిందే.

అసలు చిక్కు నాలుగో కొలతలో ఉంది. చెఫ్ వ్యక్తిత్వం. ఈ వంటలో ఇది ఫలానావాడి ముద్ర అని తెలియాలి. మన అవ్వ చేసే తిండిలో ఎవరి ముద్ర ఉంది? మామిడి టెంకలు కొట్టి, జీడి తీసి, వగరు పోయేదాకా నానబెట్టి అంబలి కాయడం ఎవరు కనిపెట్టారు? ఏ దుంప ఉడికించి నీళ్ళు పారబోసి మళ్ళీ ఉడికించాలో, ఏది పచ్చిగా తింటే నోరు దురద పెడుతుందో మొదట తెలుసుకున్నది ఎవరు? ఎన్ని తరాల ఆడవాళ్ళు రుచి చూసి, కడుపునొప్పి పడి, పిల్లలకు చెప్పుకుంటూ వచ్చారో! అవ్వను అడిగితే "మా అమ్మ చేసేది, నేను చేస్తున్నా" అంటుంది. "ఇది నా వంటకం" అనదు. ఊరిది, వంశానిది, అడవిది. ఆ అవార్డుల కాగితం మీదేమో ఒక మనిషి పేరు, ఒక తలుపున్న గది, ఒక అడ్రసు కావాలి. ఆ మూడూ మన తిండికి లేవు. అవి మూడూ ఉన్నవాడు ఎవరైనా వచ్చి మన తిండిని ఆ గదిలోకి తీసుకెళ్తే, అప్పుడు దానికి స్టార్ పడుతుంది. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు.

చీమల సంగతి చెబితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది.

చెట్ల మీద ఆకులు కుట్టుకుని గూడు కట్టే ఎర్ర చీమలు మీకు తెలుసు. బస్తర్‌లో మన గోండు, ధుర్వా బంధువులు వాటితో పచ్చడి నూరుతారు. సంతలో దొప్పల్లో పెట్టి అమ్ముతారు. చలికి, జ్వరానికి మంచిదంటారు. మనవాళ్ళు బయట ఆ మాట చెబితే ఏమవుతుందో హాస్టల్లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. "ఛీ, చీమలు తింటారా మీరు?" అని క్లాసంతా నవ్వుతుంది. ఆ నవ్వుకు భయపడి ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా మూత తియ్యని పిల్లలు ఉన్నారు.

ఇప్పుడు డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ వెళ్దాం. అక్కడ నోమా అనే రెస్టారెంట్. 2003లో మొదలైంది, చెఫ్ పేరు రెనె రెడ్జెపి. అడవిలో, సముద్రపు ఒడ్డున దొరికే ఆకులు, నాచు, చీమలు ఏరి తెచ్చి వండటమే దాని పేరు. 2015లో టోక్యోలో కొన్నాళ్ళు నడిపినప్పుడు రొయ్య మీద చీమలు పెట్టి వడ్డించారు. పులుపు కోసం నిమ్మకాయ బదులు చీమ. బస్తర్ అవ్వకు తెలిసిన సంగతే! ఈ నోమా 2010, 2011, 2012, 2014, 2021ల్లో ప్రపంచంలోకెల్లా గొప్ప రెస్టారెంట్‌గా నిలిచింది. 2021లోనే మిషెలిన్ మూడో స్టార్ కూడా వచ్చింది. అప్పట్లో ఒక్కరు తినడానికి సుమారు 500 డాలర్లు అయ్యేది.

ఆ "ప్రపంచంలో నంబర్ వన్" అనే బిరుదు మిషెలిన్ ఇచ్చేది కాదు. అది 'వరల్డ్స్ 50 బెస్ట్' అనే జాబితా, 2002లో ఇంగ్లండ్‌లో ఒక రెస్టారెంట్ల పత్రిక మొదలుపెట్టింది. ఇందులో ఇన్‌స్పెక్టర్లు లేరు, ఓట్లు. వెయ్యి మందికి పైగా ఓటర్లు: చెఫ్‌లు, తిండి గురించి రాసేవాళ్ళు, దేశాలు తిరిగి తినేవాళ్ళు. ఓటు వేసే చోట గత 18 నెలల్లో తిని ఉండాలి. 2019 నుంచి ఆడా మగా సగం సగం అన్నారు, మంచిదే. అదే ఏడు నుంచి ఒకసారి మొదటి స్థానం వచ్చిన రెస్టారెంట్ మళ్ళీ జాబితాలో పోటీ పడకూడదని రూలు పెట్టారు. కొత్త చోటికి మారిన నోమాకు మాత్రం కొత్త రెస్టారెంట్ కింద 2021లో మళ్ళీ దక్కింది. పద్ధతి ఎంత సర్దినా ఓటరు ఎవరన్నది మారదు. విమానాల్లో తిరుగుతూ తినగలిగినవాళ్ళే ఓటర్లు. ఎక్కువమంది ఎక్కడికి వెళ్తే ఓట్లు అక్కడికి. జైపూర్, జగదల్‌పూర్ సంతల్లో దొప్పలో చీమల పచ్చడి తిన్న ఓటర్లు ఎందరుంటారో మీరే ఊహించుకోండి.

ఇంకో కథ బ్రెజిల్‌ది. సావో పాలో నగరంలో డి.ఓ.ఎం. అనే రెస్టారెంట్, చెఫ్ అలెక్స్ అటాలా. అమెజాన్ అడవుల్లో సావో గాబ్రియెల్ ద కాచోయెయిరా అనే ఊళ్ళో డోనా బ్రాజీ అనే ఆదివాసీ వంటావిడ చేతి తిండి తిన్నాడు. నిమ్మగడ్డి, అల్లం కలిపిన వాసన వచ్చింది. ఏ ఆకు వేశావని అడిగితే, ఆకేమీ లేదు, చీమలే అంది. ఈ కథ అటాలా తానే చాలాచోట్ల చెప్పాడు, ఆవిడ పేరు దాచలేదు. అందుకు ఆయన్ను మెచ్చుకోవాలి. తర్వాత అనాసపండు ముక్క మీద ఒక్క చీమను పెట్టి ఇచ్చే ఆయన వంటకం ప్రపంచమంతా తెలిసింది. రెస్టారెంట్‌కి రెండు మిషెలిన్ స్టార్లు. ఆవిడ పేరు కథలో ఉంది. మరి స్టార్ పక్కన? అక్కడ ఆవిడ పేరు రాయడానికి గడే లేదు. అటాలా మంచివాడా చెడ్డవాడా అని మేము తగువు పెట్టుకోవడం లేదు. మంచివాడు చేసినా ఆ కాగితం మీద అవ్వకు చోటు లేదన్నదే మా మాట.

ఆ కాగితం మీద లేనిది ఇంకోటి, కూలి. ఐదు కొలతల్లో కిచెన్ వెనక గిన్నెలు తోమేవాడికి ఎంతిస్తున్నారు, ఆకు ఏరేవాడికి కిలోకు ఎంతిస్తున్నారు అన్నవి లేవు. 2020లో పర్యావరణాన్ని చూసుకునే రెస్టారెంట్లకు మిషెలిన్ గ్రీన్ స్టార్ అని ఒకటి పెట్టింది, అది వేరే. నోమాలో ఏళ్ళ తరబడి నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు జీతం లేకుండా పనిచేశారు. 2022 అక్టోబరు నుంచి వాళ్ళకు జీతం ఇవ్వడం మొదలుపెట్టారు. 2023 జనవరిలో, రెస్టారెంట్‌ను ఈ పద్ధతిలో నడపడం కుదరదు, ప్రయోగశాలగా మారుస్తామని రెడ్జెపి ప్రకటించాడు. అన్ని స్టార్లూ, అన్ని నంబర్ వన్‌లూ ఊరికే చేసిన చేతుల మీద నడిచాయన్నమాట. మన పిల్లలు హోటల్ ట్రైనింగ్‌లో రోజుకు పన్నెండు గంటలు ఉల్లిపాయలు తరిగి నెలాఖరుకు ఎంత తెచ్చుకుంటున్నారో వాళ్ళనే అడగండి.

స్టార్ వచ్చినవాళ్ళంతా సుఖంగా ఉన్నారా అంటే అదీ లేదు. ఫ్రాన్స్‌లో సెబాస్టియన్ బ్రాస్ అనే చెఫ్ 2017లో "మా మూడు స్టార్లు తీసుకోండి, ఈ ఒత్తిడి మావల్ల కాదు" అని అడిగాడు. 2018 గైడ్‌లో ఆయన పేరు తీసేశారు. 2019లో మళ్ళీ రెండు స్టార్లతో అచ్చువేశారు, ఆయన వద్దన్నా! మార్క్ వెయ్రా అనే ఇంకొకాయనకు మూడో స్టార్ పోయింది. ఇన్‌స్పెక్టర్ తన వంటలో వేరే చీజ్ ఉందని పొరబడ్డాడని కోర్టుకెళ్ళి ఓడిపోయాడు. అన్నీ చెప్పుకుంటూ పోతే రాత్రి సరిపోదు.

ఇప్పుడు మాకు బాగా నచ్చిన సంగతికి వద్దాం.

అమెరికాలో ఓగ్లాలా లకోటా తెగకు చెందిన షాన్ షెర్మన్ అనే చెఫ్ ఉన్నాడు. దక్షిణ డకోటాలో పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో పుట్టాడు. చిన్నప్పుడు ఇంట్లో తిన్నది ప్రభుత్వం పంచే డబ్బాల తిండి. తాతల భూములు పోయాయి, వేట పోయింది, వాటి బదులు సర్కారు పిండి, సర్కారు నూనె. ఇది చదివినప్పుడు మాకు మన రేషన్ బియ్యం గుర్తొచ్చింది. సామలు, కొర్రలు, చోళ్ళు తిన్న ఇళ్ళు రెండు తరాల్లో తెల్లన్నానికి ఎలా వచ్చాయో మన కళ్ళ ముందే ఉంది. షెర్మన్ పెద్దయ్యాక యూరప్ వంటలన్నీ నేర్చుకున్నాడు, తర్వాత "మావాళ్ళ వంట ఏది?" అని వెతకడం మొదలుపెట్టాడు. 2021లో మినియాపొలిస్‌లో మిసిసిపి నది ఒడ్డున 'ఓవామ్ని' అనే రెస్టారెంట్ తెరిచారు. పేరు డకోటా భాషలోది, ఆ జలపాతం పేరు. అందులో గోధుమపిండి లేదు, పాలు లేవు, పంచదార లేదు, కోడి, పంది, ఆవు మాంసం లేవు. తెల్లవాళ్ళు రాకముందు ఆ నేల మీద లేనిదేదీ వండరు. మొక్కజొన్న, చిక్కుళ్ళు, గుమ్మడి, అడవి బియ్యం, బైసన్ మాంసం. సరుకు వీలైనంతవరకు ఆదివాసీ రైతుల దగ్గరే కొంటారు.

2022లో దానికి జేమ్స్ బియర్డ్ అవార్డు వచ్చింది, ఆ ఏడు దేశంలో ఉత్తమ కొత్త రెస్టారెంట్ అని. జేమ్స్ బియర్డ్ అంటే అమెరికా వంటవాళ్ళకు అతి పెద్ద బహుమతి. ఆ అవార్డు ఊరికే మారలేదు. 2020లో నల్లజాతి చెఫ్‌లకు అన్యాయం జరుగుతోందని గొడవ రేగి విజేతలను ప్రకటించకుండా ఆపేశారు. 2021లో కూడా ఇవ్వలేదు. ఓట్లు వేసే పద్ధతిని, జడ్జీలను మార్చుకుని 2022లో మళ్ళీ మొదలుపెట్టారు. ఆ ఏడే ఓవామ్ని గెలిచింది. జడ్జీలు మారితే విజేత మారాడు! వంట అంతకుముందు బాగోలేక కాదు.

మన పక్కింటి కథ కూడా ఒకటుంది. తమిళనాడు పల్లె నుంచి వెళ్ళిన విజయ్ కుమార్ అనే చెఫ్ న్యూయార్క్‌లో 'సెమ్మ' నడుపుతున్నాడు. మెనూలో నత్తల వేపుడు ఉంది. చిన్నప్పుడు పొలం గట్ల మీద నత్తలు ఏరుకుని తిన్నవాడు, అది పేదోళ్ళ తిండని స్కూల్లో సిగ్గుపడ్డవాడు. 2022లో సెమ్మకు మిషెలిన్ స్టార్. 2025లో ఆయనకు న్యూయార్క్ రాష్ట్రంలో ఉత్తమ చెఫ్‌గా జేమ్స్ బియర్డ్. పంచె కట్టుకుని వేదికెక్కాడు. మన మడుల్లో నత్తలు ఏరిన అక్కచెల్లెళ్ళు ఈ గ్రూపులో ఎంతమంది ఉన్నారో! ఆ సంగతి కాలేజీ ఫ్రెండ్స్‌కి ఎప్పుడైనా చెప్పారా?

ఈ రెండు కథల్లో, నోమా కథలో తేడా ఎక్కడుందో చూశారా? తిండి ఎవరిదో పొయ్యి కూడా వాళ్ళదే. చెఫ్ పేరు అడిగితే ఆ జాతి మనిషి పేరే వస్తుంది. షెర్మన్ దగ్గరైతే సరుకు డబ్బు కూడా వాళ్ళ ఊళ్ళకే పోతోంది.

అందుకని "మన తిండికి వాళ్ళ సర్టిఫికెట్ దేనికి" అన్నవాళ్ళతో మేము సగమే ఒప్పుకుంటాం. సర్టిఫికెట్ వల్ల మేలు జరిగిన చోటు మన అరకులోనే ఉంది. 2018లో పారిస్‌లో ప్రి ఎపిక్యూర్ పోటీలో అరకు కాఫీకి బంగారు పతకం వచ్చింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు జీఐ గుర్తింపు వచ్చింది. దానికన్నా మాకు నచ్చేది 'జెమ్స్ ఆఫ్ అరకు' పోటీ. బయటి దేశాల కాఫీ రుచిచూసేవాళ్ళు వచ్చి చిన్న చిన్న రైతుల గింజలు విడివిడిగా రుచి చూసి మార్కులు వేస్తారు. గెలిచేది ఫలానా ఊరి ఫలానా రైతు. కాఫీ కప్పు మీద కంపెనీ బొమ్మ ఎవరిదైనా ఉండనీ, ఆ బహుమతి మాత్రం పండించినవాడి చేతికి వస్తుంది. అలాగే మయూర్‌భంజ్‌లో ఎర్ర చీమల పచ్చడికి 2024 జనవరిలో జీఐ వచ్చింది, సిమిలిపాల్ కాయి చట్నీ పేరుతో. జీఐ అంటే అది ఒక చెఫ్‌ది కాదు, ఆ నేలది, ఆ జనానిది. మన అవ్వ "నాది" అనకపోయినా చెల్లే కాగితం ప్రస్తుతానికి అదొక్కటే కనిపిస్తోంది.

భయం కూడా ఒకటుంది, చెప్పకుండా ఉండలేం. "దానికోసమే ప్రయాణం కట్టదగ్గది" అని ఎవరైనా మన ఊరి గురించి రాసిన మర్నాడు ఏం జరుగుతుంది? కార్లు వస్తాయి. కార్ల వెనక రిసార్టులు వస్తాయి. ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది, గిరిజనేతరులకు భూమి పోకూడదు. అయినా బినామీ పేర్లతో ఎన్ని కట్టారో మన ఊళ్ళ రోడ్ల పక్కన చూస్తూనే ఉన్నాం. అలాంటి చోట మనవాళ్ళు వాచ్‌మెన్‌లు, గిన్నెలు తోమేవాళ్ళు, సాయంత్రం థింసా ఆడేవాళ్ళు. హైదరాబాద్‌లో ఒక రెస్టారెంట్‌లో వెయిటర్లకు నెత్తిన ఈకలు పెట్టి "ట్రైబల్ థీమ్" అని అమ్ముతుంటే మాలో ఒకరు చూసొచ్చారు. మెనూలో బొంగులో చికెన్ పక్కన ఏ కొండ పేరూ లేదు, ఏ తెగ పేరూ లేదు. రేటు మాత్రం ఉంది.

మనకూ కొలతలున్నాయి, మర్చిపోవద్దు. మామిడి కొత్త చెయ్యకుండా మామిడికాయ కొయ్యం. చిక్కుడు పండగ కాకుండా చిక్కుడుకాయ నోట పెట్టం. బయటివాళ్ళు దాన్ని మూఢనమ్మకం అన్నారు. అదే పని కోపెన్‌హాగన్‌లో చేసి, ఏ కాలం తిండి ఆ కాలంలోనే వండుతాం అని మెనూ మార్చుకుంటే గొప్ప అన్నారు. కాయ ముదరాలి, టెంక కట్టాలి, అందరికీ ఒకేసారి అందాలి. మన పెద్దలు వేసిన స్టార్ అది, ఊరంతటికీ కలిపి.

హోటళ్ళలో పనిచేస్తున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. మీ చెఫ్ ఏదో ఒక రోజు "మీ ఊళ్ళో ఏ ఆకులు తింటారు, ఏ దుంపలు తింటారు?" అని అడుగుతాడు. ఈమధ్య అందరూ అడుగుతున్నారు. దాచిపెట్టమని మేము చెప్పం. ముందు ఆ ఆకు పేరు మన భాషలో చెప్పండి: కోయలో, గోండిలో, సవరలో, కువిలో ఎందులో ఉంటే అందులో. తర్వాత ఊరి పేరు చెప్పండి. మెనూ కార్డు మీద ఆ రెండు పేర్లూ వేస్తారా అని అడగండి. సరుకు ఊళ్ళో ఆడవాళ్ళ సంఘం దగ్గర కొంటారా, కిలోకు ఎంతిస్తారు అని అడగండి. ఉద్యోగం కొత్తలో ఇవన్నీ అడగడం కష్టమే, తెలుసు. ఇద్దరు ముగ్గురు కలిసి అడిగితే కాస్త తేలిక.

ఇళ్ళ దగ్గర ఉన్నవాళ్ళు వానాకాలం లోపు ఒక పని చెయ్యగలరేమో చూడండి. వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు వచ్చే రోజులు దగ్గర పడుతున్నాయి. ఏ ఆకు ఎప్పుడు కొయ్యాలి, ఏది ఎన్నిసార్లు ఉడికించాలి అని అవ్వలు చెప్పేది నోట్సులో రాసి, కింద ఆవిడ పేరు, ఊరు, తారీఖు వెయ్యండి. ఆవిడ ఒప్పుకుంటేనే గ్రూపులో పెట్టండి, వద్దంటే ఇంట్లోనే ఉంచండి. మామిడి టెంక అంబలి గురించి రాసినవాళ్ళు వగరు తీసే పద్ధతి పూర్తిగా రాయండి, ఒక్కో ఊళ్ళో ఒక్కోలా ఉంది. మాలోనే నలుగురం నాలుగు రకాలు చెప్పుకున్నాం.